ఉత్తరాన ఆకులు ఎర్రబడే వేళ

ఫిన్లాండ్‌లో ఆర్కిటిక్ వలయం దాటి పైకి వెళితే, సెప్టెంబరులో లాప్‌లాండ్ కొండలు రంగు మారతాయి. పగటి వేళ తగ్గేకొద్దీ ఆకుల్లో పత్రహరితం కరిగిపోతుంది, దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. బర్చ్ చెట్లది ఆ రంగే. ఎరుపు మాత్రం ఆకు అప్పుడు కొత్తగా తయారుచేసుకునేది. ఎండ కాసే పగళ్లు, చల్లటి రాత్రులు కలిసొస్తే అది మరింత చిక్కబడుతుంది. ఆ ఎరుపు కోసం తల ఎత్తి చూడకండి, వంచి చూడండి. మరుగుజ్జు బర్చ్ పొదలు, బిల్‌బెర్రీ మొక్కలు నేలంతా కెంపురంగు పరిచేస్తాయి.

నడవడానికి నేను ముందుగా చెప్పే దారి లాప్‌లాండ్‌లోని హెట్టా నుంచి పల్లాస్ కొండలకు, సుమారు 55 కిలోమీటర్లు. ఒక జాతీయ వనంలో, చాలావరకు చెట్లులేని గుండ్రటి కొండల మీదుగా సాగుతుంది. హెట్టా ఊరి నుంచి బయలుదేరితే మొదట పడవలో సరస్సు దాటాలి. దారిలో తాళంలేని చెక్క గుడిసెలుంటాయి, అద్దె ఉండదు. అక్కడి మర్యాద నాకెంతో ఇష్టం: ఆఖరున వచ్చినవారికే మొదటి హక్కు. ముందొచ్చి సేదతీరినవారు సర్దుకుని చోటివ్వాలి. వెళ్లేటప్పుడు తర్వాతివారికి కట్టెలు కొట్టి పెట్టాలి.

రంగులు నిలిచేది వారం, రెండు వారాలే. గట్టి గాలి వీస్తే అంతకుముందే రాలిపోతాయి. రాత్రిళ్లు నీరు గడ్డకట్టే చలి పడవచ్చు, మంచూ కురవవచ్చు. తడిస్తే ఆరని నూలు బట్టలు వద్దు, ఉన్నివి తీసుకెళ్లండి.