ఆ తల్లి అడిగిన లెక్క



మానవ వనరులపై పెట్టుబడి, దేశాభివృద్ధి గురించి మాట్లాడమన్నారు. బి.ఇడి.లో మేము బట్టీపట్టిన పాఠమే. చదువుకీ ఆరోగ్యానికీ పెట్టేది ఖర్చు కాదు, పెట్టుబడి అని 1961లో షుల్జ్ అనే అమెరికా ఆర్థికవేత్త వాదించారు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మన కొండల్లో ఆ పెట్టుబడి అంతకు చాలా ముందే పెట్టిన మనిషి ఉన్నారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు. సవర నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవరలోనే పాఠాలు చెప్పించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆగస్టు 29న అందరూ ఆయన్ని వాడుక తెలుగు కోసం తలుచుకుంటారు. మనకు మాత్రం ఆయన ముందు సవర బడి పంతులు.

ఇన్నేళ్లయినా 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన అక్షరాస్యత 49 శాతమే. ఆడవాళ్లలో 40. అందుకే సీతంపేట అనాస మనది, ధర చెప్పేది షావుకారు. 1956లో పెట్టిన జిసిసి మన చింతపండు, కొండచీపుర్లు కొంటోంది. అక్కడ కాటా చూసి లెక్క రాసేవాళ్లలో మనవాళ్లు ఎందరో మీరే చూడండి.

ఒక సంగతి చెప్పాలి. పది పాసైన ఒక పిల్ల ఇంటర్‌లో చేరకుండా పలాస వైపు జీడిపిక్కల పనికి పోయింది. మేము వాళ్ల ఊరెళ్లాం. వాళ్లమ్మ నెమ్మదిగా, "చదివితే డబ్బులు ఎన్నాళ్లకొస్తాయమ్మా?" అంది. షుల్జ్ గుర్తొచ్చాడు గాని నోట మాట రాలేదు. ఆమె అడిగింది సరైన లెక్కే. హాస్టల్లో తిండి, బట్టలు, పుస్తకాలు ప్రభుత్వం భరిస్తుంది. పిల్ల తేకుండా పోయిన కూలి ఆ ఇల్లే భరించాలి. లాభం దేశానికి రేపు, నష్టం ఆ గుమ్మానికి ఈ రోజే. ఈ మాట పాఠంలో ఉండదు.

పైగా మేము మాట్లాడింది తెలుగులో. మాకు సవర సగమే వచ్చు.

డిగ్రీ, నర్సింగ్, డీఎడ్ చదువుతున్న మీరు ఈ వేసవిలో రెండు రోజులు మాతో ఊళ్లకు రండి. మీ చదువుకి ఎంతైంది, మీ ఇల్లు ఎలా నెట్టుకొచ్చింది, ఇప్పుడు ఎంత వస్తోంది, దాచకుండా ఆ తల్లులకు మన భాషలో చెప్పండి. ఇంటర్ అడ్మిషన్లు మొదలయ్యేలోపే రావాలి.