హరిత ధ్రువపత్రము – మన ఆస్పత్రి ఆవరణము
(శతాబ్ది సభలో ఆస్పత్రి కమిటీ పక్షమున చేసిన ప్రసంగము)



ఈ శతాబ్ది సంవత్సరములో మన ఆస్పత్రికి క్రొత్త వార్డు కట్టి, దానికి హరిత భవనమని ధ్రువపత్రము పొందవలెనని కమిటీలో ప్రస్తావన వచ్చినది. "పత్రము గోడకు తగిలించుకొనుటకా? ఆ డబ్బుతో నాలుగు మంచాలు వేయరాదా?" అని కొందరు అడిగినారు. అడుగదగిన ప్రశ్నయే. అది మీ కానుకల డబ్బు. కావున మేము విచారించి తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాము.

అమెరికాలో 1993లో ఏర్పడిన హరిత భవన మండలి లీడ్ అను కొలమానమును తయారు చేసినది. మన దేశములో ఇట్టి మండలి 2001లో ఏర్పడినది. హైదరాబాదులో 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటరు, అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం పొందిన మొదటి భవనము. 2009 నాటి కూర్పులో మొత్తము 110 మార్కులు. 40 వచ్చిన ధ్రువపత్రము, 50కి వెండి, 60కి బంగారము, 80కి ప్లాటినం. ఆస్పత్రులకు ప్రత్యేకమైన కొలమానము 2011లో వచ్చినది.

ప్రత్యేకమెందుకు? ఆస్పత్రి రాత్రింబగళ్లు పనిచేయును. ఆపరేషన్ గదిలో గాలి గంటకు 20 మారులు మారవలెను. కరెంటు ఆదా అనుచు ఆ గాలిని తగ్గించిన రోగికే ముప్పు.

మన చిక్కు ఇంకొకటి. మన బ్లాకులన్నియు వసారాలతో కలిసియున్నవి. ఇది ఒక భవనమా, అనేకమా? లీడ్ నియమము ప్రకారము వార్డులు, గదులు కలిసియున్న ఒకటే భవనము. నడవా, వాహనముల షెడ్డు, యంత్రముల గది మాత్రమే కలుపుచున్న వేర్వేరుగా లెక్కింపవచ్చును. చెట్లు, ఖాళీ స్థలము వంటివి ఆవరణమంతటికి ఒక్కసారి లెక్కింపవచ్చును గాని, కరెంటును ఏ భవనమునకు ఆ భవనమే చూపవలెను. మనకున్నది ఒకే మీటరు! ఏ బ్లాకు ఎంత మింగుచున్నదో మనకే తెలియదు.

ఒక తప్పు కూడ ఒప్పుకొనుచున్నాము. 1859లోనే ఫ్లారెన్స్ నైటింగేల్ ఆస్పత్రులపై వ్రాసిన గ్రంథములో, గాలి ఆడునట్లు వార్డులను విడివిడిగా కట్టవలెనని వాదించినది. మన పూర్వులు కట్టిన ఎత్తైన కప్పులు, తెరచిన వసారాలు ఆ తీరువే. మనమే తరువాత వసారాలకు గోడలు కట్టి, కిటికీలు మూసి, ఏసీలు బిగించితిమి. 2020, 2021 సంవత్సరములలో ఒక వార్డు గాలి మరొక వార్డుకు పోవుననిన భయము ఎట్టిదో చూచితిమి. అంటురోగుల గదిలో గాలి ఒత్తిడి నడవాలో కంటె తక్కువగా ఉండవలెనని అప్పుడు నేర్చుకొంటిమి.

కావున మా మనవి ఇది. మొదట ప్రతి బ్లాకుకు మీటరు. రెండవది, మూసిన వసారాలను డాక్టర్లు సరేనన్న చోట తెరచుట. మూడవది, వాననీటిని ఇంకించుట. ఒక సంవత్సరపు లెక్కలు చూచిన పిమ్మట క్రొత్త వార్డుకు దరఖాస్తు. పత్రము వచ్చిన తరువాత మోటారు చెడినను, నీరు కారినను పట్టించుకొననిచో అది వట్టి కాగితమే.

మంచాలా, పత్రమా అన్నవారికి మా జవాబు: కరెంటు బిల్లులో మిగిలినదే పేదవాని మంచము. ఆ లెక్క ప్రతి సంవత్సరము సంఘసభలో మీకు చదివి వినిపింతుము. తప్పిన చోట మమ్మును నిలదీయుడు.