రుచిభేదము – దాంపత్యము
(మన సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



వివాహవిషయములను గూర్చి మన సభలయందు ఏటేట ముచ్చటింపబడుచునే యున్నది. కట్నములను గూర్చియు, పెండ్లివ్యయమును గూర్చియు, కన్యల విద్యను గూర్చియు పెద్దలు పలుమారులు ప్రసంగించియున్నారు. నేడు నేను విన్నవింపబూనిన విషయము వానితో బోల్చిన మిక్కిలి యల్పముగా దోపవచ్చును. తిండికి వంకలు పెట్టువారితో కాపురము సాగునా? ఆ యొక్క కారణముచే సంబంధమును వదలుకొనుట తగునా? ఇదియే ప్రశ్నము. నవ్వదగినదని తోచువారు ఒక్క లెక్క వేసికొనవలయును. దినమునకు మూడుమారుల చొప్పున దంపతులు ఏడాదికి వేయిమారులకు పైగా అన్నము ముందు గూర్చుందురు. వేయిమారులు ఎదురగు చిక్కు చిన్నచిక్కు కానేరదు.

సంబంధము విచారించునపుడు మనము గోత్రమడుగుదుము, నక్షత్రమడుగుదుము, చదువు, ఉద్యోగము, ఆస్తి యడుగుదుము. పిల్లవాడేమి తినును, పిల్ల యేమి తినదు, వంట యెవరు చేయుదురు అని యడుగువారు అరుదు. సప్తపదియందు మొదటి యడుగు అన్నము కొఱకే యని మన వివాహవిధి చెప్పుచున్నది. ఏడింటిలో మొదటిదానిని మనము కడపట తలచుచున్నాము.

పూర్వము ఈ చిక్కు ఇంతగా లేకుండుటకు కారణము కలదు. మేనరికములును, పొరుగూరి సంబంధములును మెండుగా నుండెను. ఇరువురి పుట్టినింటను ఒకే పచ్చడి, ఒకే పులుసు. నేడన్ననో, కులమొక్కటియైనను సీమలు వేఱు. జొన్నరొట్టెతో బెరిగిన పిల్ల ఆవకాయ యన్నము లేనిదే ముద్ద దిగని యింట అడుగిడుచున్నది. రాగిసంకటి యెఱిగిన పిల్లవానికి ఆవపెట్టిన పనసపొట్టుకూర ఘాటుగా దోచుచున్నది. పైగా ఇరువురును హైదరాబాదుననో, బెంగుళూరుననో, సముద్రము దాటియో కాపురముండి, ఉద్యోగములనుండి అలసి వచ్చి పొయ్యి వెలిగించుకొనవలసినవారు. అత్తగారు వండి పెట్టి సర్దిచెప్పు కాలము కాదు.

పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యన్నారు. ఈ రుచిభేదము అన్నిచోట్ల ఒక్క కారణముచే గలుగదు. కారణము నెఱుగక తీర్పు చెప్పుట పొరపాటు.

మొదటిది పుట్టుకతో వచ్చినది. 1931వ సంవత్సరమున అమెరికాయందు ఆర్థర్ ఫాక్స్ అను రసాయనశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఒక పొడి గాలికెగసినది. అది ప్రక్కనున్నవానికి దుర్భరమగు చేదుగా నుండగా, ఫాక్సునకు రుచియే తెలియలేదు. చేదును గుర్తించు శక్తి మనుష్యులయందు వంశానుగతముగా భిన్నమని అప్పటినుండి పరిశోధించిరి. దానికి మూలమగు జన్యువును 2003లో గనుగొనిరి. కొత్తిమీర కొందఱికి సబ్బువాసన వేయుటకును ఘ్రాణసంబంధమగు జన్యువుతో సంబంధము కలదని 2012లో తేలినది. కావున కాకరకాయను చూచి మొగము ద్రిప్పుకొనువాడు ఎల్లవేళల పెంకెవాడు కాడు. అతని నాలుకపై నున్న చేదు మన నాలుకపై లేకపోవచ్చును.

రెండవది అభ్యాసము. రెండేండ్లు మొదలు ఆఱేండ్లవఱకు శిశువులు క్రొత్త పదార్థమనిన బెదరుట సహజము. ఒకే పదార్థమును బలవంతము లేక పదిపండ్రెండుమారులు రుచి చూపినచో పెక్కురు దానికి అలవడుదురని శిశుపోషణ నెఱిగినవారు చెప్పుదురు. అటుల చేయు నోపిక లేక, "మావాడికి వేపుడు తప్ప పనికిరాదు" అని గర్వముగా జెప్పుకొను తల్లిదండ్రులు ఆ వేపుడును కోడలికి కట్నముగా నిచ్చుచున్నారు. మన ఆయుర్వేదము దీనిని సాత్మ్యమనును. అలవాటుచే దేహమునకు సరిపడినది సాత్మ్యము. అయితే చరకసంహిత అంతటితో నూరకొనలేదు. తగని యలవాటును ఒక్కమారుగా గాక పాదము పాదముగా విడిచి, తగినదానిని పాదము పాదముగా చేపట్టుమని క్రమమును గూడ జెప్పినది. నాలుక మారును, మెల్లగా మారును.

మూడవది వ్యాధి. కొందఱు ఏదో ఒక రూపమునకో, స్పర్శకో, వాసనకో భయపడి నాలుగైదు పదార్థములతోనే ప్రాణము నిలుపుకొందురు. బరువు తగ్గుదురు, రక్తహీనులగుదురు, విందులకు బోవ వెఱతురు. అమెరికా మానసికవైద్యులు 2013లో ప్రకటించిన వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేకస్థాన మిచ్చిరి. ఇట్టివారిని ఎగతాళి చేయుట జ్వరముతో నున్నవానిని ఎగతాళి చేయుటవంటిది. వీరికి కావలసినది వైద్యుడు.

నాలుగవది అహంకారము. వడ్డించిన పళ్లెరమును ముందుకు నెట్టి, వండినవారి మొగము చూడక, "ఇదేమి వంట?" అని లేచిపోవుట నాలుకకు సంబంధించినది కాదు. అది అధికారమునకు సంబంధించినది.

ఇచట నొక మాట నిష్కర్షగా జెప్పవలసియున్నది. మగవాడు వంకలు పెట్టినచో సుకుమారముగా బెరిగినవాడందుము. ఆడుది పెట్టినచో పొగరుబోతందుము. అతని కొఱకు మూడు కూరలు వండుట ఆమె ధర్మము. ఆమె యొక్క కూర తినకున్న అది అత్తవారికి అవమానము! నేనెఱిగిన యొక యింట క్రొత్తకోడలు పుల్లనివి తినజాలనిది. ఆ యింటనో గోంగూర లేని దినము లేదు. ఆఱుమాసములు ఆమె మజ్జిగయన్నముతో గడిపినది. ఆమె చిక్కిపోవుట అందఱును చూచిరి, అడిగినవారు లేరు. తుదకు మామగారు ఒకనాడు, "అమ్మా, నీ పుట్టినింట నేమి వండుదురో నేడది వండింతము" అనిరి. ఆ దినమున కందిపొడియు, పెసరకట్టును ఆ యింటికి వచ్చినవి. గోంగూర యెచటికిని పోలేదు. అడిగినందున మర్యాద తఱుగలేదు. అడుగకుండిన ఒక కాపురము తఱిగియుండెడిది.

ఇక న్యాయశాస్త్ర మేమనుచున్నది? 1955వ సంవత్సరపు హిందూ వివాహచట్టమున రుచిభేదము విడాకులకు కారణముగా జెప్పబడలేదు. 1976లోని సవరణచే క్రూరత్వము విడాకులకు కారణమైనది. పరస్పరాంగీకారముతో విడిపోవుటకును వీలు గలిగినది. 2007లో సర్వోన్నత న్యాయస్థానము ఒక దంపతుల వ్యాజ్యమున మానసిక క్రూరత్వమును విపులముగా చర్చించినది. సంసారమున సహజములగు చిన్నచిన్న చికాకులు క్రూరత్వము కాజాలవని అందు స్పష్టపఱచినది. ఆ వ్యాజ్యముననే భార్య తనకు మాత్రమే వండుకొనుచుండెననుట పెక్కు ఆరోపణలలో నొకటి. ఒంటిగా జూచిన అది వంటగది మాట. ఏండ్లతరబడి సాగిన వైముఖ్యముతో గూడినపుడు అది మనసు మాట. 2025లో గుజరాతు ఉన్నత న్యాయస్థానము ముందుకు ఉల్లి వెల్లుల్లులతో మొదలై, వేఱువంటలకు దారితీసి, విడాకులతో ముగిసిన మఱియొక దంపతుల కథ వచ్చినది. ఉల్లిపాయ కాపురమును కూల్చినదని పత్రికలు వ్రాసెను. నా మనవి యేమనగా, ఉల్లిపాయకు అంత బలము లేదు. ఒకరి నియమమునకు మఱియొకరి యాకలికి నడుమ సంధి కుదుర్పలేని మొండితనమునకే ఆ బలము కలదు.

కావున తినని పదార్థముల పట్టికను జూచి సంబంధమును త్రోసివేయరాదు. ఈ నాలుగు విషయములను మాత్రము చూడవలయును.

ఒకటి: ఈతడు తాను తినడా, లేక ఇతరులను తిననీయడా? తన విస్తరిని తాను సర్దుకొనువానితో చిక్కు లేదు. ఎదుటివారి విస్తరిని శాసించువానితో జీవితాంతము చిక్కే. ఆహారనియమము ధర్మబుద్ధితో బూనినదైనను ఈ ప్రశ్న తప్పదు.

రెండు: ఆ ప్రత్యేకపు వంట యెవరు చేయుదురు? తనకు వలసినది తాను వండుకొన నేర్చినవాని వంకలు వంకలు కావు, అభిరుచులు. ఆ భారమును మఱియొకరి భుజముపై నిడువాని యభిరుచులే వంకలు.

మూడు: ముందుగా జెప్పినారా, దాచినారా? పెండ్లిచూపులనాడు అన్నియు తిందునని చెప్పి, కాపురమునకు వచ్చినపిదప ఏదియు తినకుండుట మోసము. పెద్దలు దాచమనిరని చెప్పుట సమాధానము కాదు.

నాలుగు: చెప్పు తీరెట్టిది? "నాకిది సరిపడదు" అనుటకును, "ఇది మనుష్యులు తినునదేనా" అనుటకును నడుమ గల దూరమే దాంపత్యమునకును విడాకులకును నడుమ గల దూరము.

ఈ నాలుగింటను సరిపోయినవాడు కాకర, వంకాయ, బెండ మూటిని విడిచినను అల్లుడుగా దగును. ఈ నాలుగింటను తప్పినవాడు పెట్టినదెల్ల తిన్నను తగడు. వధువుల విషయమునను ఇదియే కొలత. పెండ్లికి ముందే ఈ తప్పు కనబడినచో, అచ్చువేయించిన శుభలేఖలకు జంకక సంబంధమును మానుకొనుటయే మేలు.

ఇప్పటికే కాపురము చేయుచున్నవారికి మూడు మనవులు. ఇంట దినమునకు ఒక వంటకమైనను ఇరువురకు నచ్చినది ఉండునట్లు చూచుకొనుడు. మిగిలినవి ఎవరివి వారివి. క్రొత్తదానిని గోరంత రుచి చూచుట ఒకరి కర్తవ్యము. చూచి వద్దన్నపిదప నిర్బంధింపకుండుట మఱియొకరి కర్తవ్యము. విందులయందు బంధువుల యెదుట ఒకరి తిండిని మఱియొకరు హేళన చేయకుడు. పిల్లలు మన పళ్లెరములను మాత్రమే కాక మన మాటలను గూడ చూచుచుందురు. పళ్లెరము నెట్టివేయు తండ్రి కుమారుడు రేపు మఱియొకరి బిడ్డ వడ్డించిన పళ్లెరమును నెట్టును.

మన సంఘము వధూవర పరిచయపత్రములను ముద్రించునపుడు "ఆహారపు అలవాట్లు", "వంట చేయగలరా" అను రెండు వరుసలను వధువునకును వరునకును సమానముగా జేర్పవలసినదిగా కార్యవర్గమును గోరుచున్నాను. ఇందులకు వ్యయము లేదు. పెద్దల మాటకు జంకి నోరు విప్పలేని పిల్లలకు ఆ రెండు వరుసలు నోరిచ్చును.