డెర్బీ గెలిచి దేశం విడిచిన రౌతు

గుర్రపు పందెం చూచేవారికి గుర్రం పేరు జ్ఞాపకముంటుంది, యజమాని పేరు జ్ఞాపకముంటుంది. జీను మీద కూర్చున్న రౌతు పేరు ఎందరికి పడుతుంది? అట్లా మరుగునపడిన ఒక రౌతును, జిమ్మీ వింక్‌ఫీల్డును, మేము ఈనాడు శ్రోతలకు పరిచయం చేయదలచినాము.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్ నగరం దాపున, ఒక నల్లజాతి పేద కుటుంబంలో పదిహేడుగురు సంతానంలో అతడు కడగొట్టువాడు. గుర్రపుసాలలే అతని బడి. ఆ విద్య అక్కడి నల్లవారికి కొత్తది కాదు. బానిసత్వపు రోజులనుండి గుర్రాల పోషణ వారి చేతులమీదుగా జరుగుతూనే ఉండినది. 1875లో మొదటి కెంటకీ డెర్బీ పందెంలో నిలిచిన పదిహేనుమంది రౌతులలో పదముగ్గురు వారే.

1898లో తొలి పందెంలోనే వింక్‌ఫీల్డ్ మితిమీరిన దూకుడు చూపి ఏడాది నిషేధానికి గురియైనాడు. 1901లో హిజ్ ఎమినెన్స్ అనే గుర్రంపై డెర్బీ గెలిచినాడు. మరుసటి ఏటి కథ వినదగినది. ఒకే సాల తరఫున రెండు గుర్రాలు దిగుతున్నవి. వాటిలో తనకు నచ్చినదానిని ఎంచుకొనే హక్కు నాష్ టర్నర్ అనే పేరుమోసిన రౌతుది. అయితే ఉదయపు సాధనలో రెండింటినీ పరుగెత్తించినవాడు వింక్‌ఫీల్డ్. అలెన్-ఎ-డేల్ అనే గుర్రం వడి ఎంతటిదో గ్రహించి, కళ్ళెం బిగబట్టి, దానిని బయటపడనీయలేదు. టర్నర్ రెండవదానిని కోరుకొన్నాడు! ఇది కపటమా, నేర్పా? గుర్రపుసాలలో పెరిగినవానికి ఆ రెంటికీ నడుమ పెద్ద గోడ ఉండదేమో. పందెం ముగియవచ్చేసరికి ఆ గుర్రం కుంటసాగినది. వింక్‌ఫీల్డ్ ప్రత్యర్థులను ఇసుక మేట వేసిన బయటి అంచుకు నెడుతూ, తాను లోపలి గట్టినేల విడువక, వెంట్రుకవాసిలో గట్టెక్కినాడు. ఆ తరువాత నేటివరకు మరే నల్లజాతి రౌతూ ఆ పందెం గెలవలేదు.

నేర్పు నశించి కాదు. తెల్ల రౌతులు కూడబలుక్కొని నల్లవారి గుర్రాలను కంచెకు అదిమేవారు. యజమానులు జడిసి వారికి గుర్రాలివ్వడం మానినారు. ఒక యజమానికి ఇచ్చిన మాట తప్పి వింక్‌ఫీల్డ్ తన కష్టాన్ని తానే పెంచుకొన్నాడన్నదీ నిజమే. 1904లో రష్యా చేరినాడు. మాస్కోలో, వార్సాలో పెద్ద పందేలు గెలిచి, ప్రభువులతో సమానంగా బ్రతికినాడు. విప్లవానంతరం 1919లో అతడూ తోటివారూ రెండువందలకు పైగా మేలుజాతి గుర్రాలను ఒడెస్సానుండి వార్సాకు, దాదాపు వెయ్యి మైళ్ళు, తోలుకొనిపోయినారు. దారిలో ఆకలికి కొన్ని గుర్రాలనే తిన్నారట. గుర్రాన్ని ప్రాణంగా చూచుకొనేవారికి ఆ ముద్ద ఎట్లు దిగినదో!

పిమ్మట ఫ్రాన్సు. 1930లో స్వారి మానేనాటికి అతని విజయాలు రెండువేల ఆరువందలని చెబుతారు. పారిస్ దాపున మేజోఁ-లఫీత్‌లో సాల పెట్టి గుర్రాలకు శిక్షణ ఇచ్చినాడు. జర్మన్ సేనలు దానిని ఆక్రమించగా, అమెరికాకు తిరిగివచ్చి రోడ్డుపనిలో కూలిగా చేరినాడు. 1953లో మళ్ళీ ఫ్రాన్సుకే వెళ్ళినాడు.

1961లో డెర్బీ సందర్భంగా లూయివిల్ నగరంలో జరిగిన విందుకు అతనికి ఆహ్వానం అందినది. కూతురితో కూడా వెళ్ళగా, హోటలు ముఖద్వారం వద్ద నల్లవారికి ప్రవేశం లేదని ఆపినారు. అతిథులమని చాలాసేపు చెప్పుకొన్న మీదట లోనికి విడిచినారు. 1974లో మేజోఁ-లఫీత్‌లో అతడు కన్నుమూసినాడు. అమెరికా పందెపు ప్రముఖుల పట్టికలో అతని పేరు 2004లో చేరినది.