ఫ్రాన్సు దేశమున సిపాయి బ్రతుకు

అనంతపురం జిల్లా శ్రోతలకు నీటి విలువ నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ అరువది అడుగులు బావి త్రవ్వినను ఒక్కొక్కచోట చెమ్మయైన తగులదు. ఉత్తర ఫ్రాన్సులోని ఫ్లాండర్సు మైదానమున రెండడుగులు త్రవ్విన చాలును, నీరు ఊరును. మొదటి ప్రపంచయుద్ధమున, 1914 అక్టోబరులో, మన దేశపు సిపాయిలు పోయి నిలిచినది ఆ నేలమీదనే.

సెప్టెంబరు 26న వారు మార్సేల్సు రేవున దిగిరి. ఒంటిమీద ఉన్నవి పలుచని నూలుదుస్తులు. ఉన్నిబట్టలు అందులోపలనే చలి ముంచుకొని వచ్చెను. యుద్ధమనగా మనకు తోచునది తుపాకి మ్రోత. సిపాయికి మాత్రము దినమున పెద్దభాగము పలుగు పారలతోనే గడచెడిది. కందకము త్రవ్వుట, నిండిన నీరు తోడుట, జారిన గట్టు మరల ఎత్తుట. త్రవ్వ వీలులేనిచోట ఇసుకబస్తాలతో గోడ పెట్టుట. బురదలో నాని నాని పాదములు వాచి చచ్చుబడెడివి. చేతిబాంబులు చాలక, ఖాళీ జామ్ డబ్బాలలో మందుగుండు కూరి సైనికులే చేసికొనిరి. ఇంతకును జీతము నెలకు 11 రూపాయలు!

1915 మార్చి 10 మొదలు మూడుదినములు న్యూ షాపెల్ పల్లెకడ ఘోరమైన పోరు జరిగెను. 1927లో అక్కడ వెలసిన స్మారకముపై, సమాధియైన తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నవి. 1917లో వెళ్ళిన కూలీలును వారిలో కలరు.

ఆ సిపాయిలు చాలవరకు పంజాబు, గఢ్వాలు, నేపాళ ప్రాంతముల రైతుబిడ్డలు. తెలుగువారు అరుదు. దక్షిణాదివారు యుద్ధమునకు తగరని 19వ శతాబ్ది చివర ఆంగ్ల సేనాధిపతులు తీర్మానించుకొనిరి. ఒకప్పుడు ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ అను పేరే ఉండెడిది; ఆ సంగతి వారు మరచిరి కాబోలు.

అయినను ఆ సిపాయిల ఉత్తరములు చూచిన, మన సీమ రైతు వ్రాసినవే అనిపించును. వాన కురిసెనా, పైరెట్లున్నది, వ్యాజ్యమేమైనది అని ప్రశ్నలు. ఫ్రెంచి పల్లెలలో స్త్రీలే సేద్యము నడుపుటయు, వారు చదువుకొనియుండుటయు చూచి, మన ఆడపిల్లలను బడికి పంపుడని వ్రాసినవారును కలరు.

ఉత్తరములను అధికారులు విప్పి చదివెడివారు. కనుక నిజమును మరుగుపరచి వ్రాయవలసివచ్చెను. నల్ల మిరియములనగా భారతీయులు, ఎఱ్ఱ మిరపకాయలనగా ఆంగ్లేయులు. మిరియములు తరిగిపోయినవని చదివిన, ఇంటివారు ఉలికిపడి గ్రహింపవలెను. అధికారులు ఈ మర్మము కనిపెట్టిరి. అట్టి ఉత్తరములను ఆంగ్లమున తర్జుమా చేయించి దస్త్రములలో ఉంచిరి. సిపాయి స్వంత మాటలు చాలవరకు పోయినవి. మనకు దక్కినవి ఆ తర్జుమాలే.