అరబ్బీ లిపిలో అంతర్జాలపు చిరునామాలు

రేడియోలో మాటలాడువారికి ఒక చిక్కు గలదు. ఊరి పేరు, వీధి పేరు చెప్పినచో విన్నవారు వ్రాసికొందురు. అంతర్జాలములోని ఒక స్థానము పేరు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము ఇంగ్లీషు అక్షరములను ఒక్కొక్కటిగా ఉచ్చరింపవలెను. ఇచ్చట 'కే'యా, 'క్యూ'యా, 'ఈ' ఒకటియా, రెండా యని విడమరచవలెను. కైరో నగరములోని వ్యాఖ్యాతకును ఇదే చిక్కు. అతడు మాటలాడునది అరబ్బీ, వినువారిది అరబ్బీ, చెప్పవలసిన సంస్థ పేరును అరబ్బీ మాటయే. అయినను చిరునామా దగ్గరకు వచ్చుసరికి ఇరువురును పరాయి లిపిలోనికి పోవలసి వచ్చును. ఈ అవస్థ తప్పుటకు మార్గము 2010వ సంవత్సరముననే ఏర్పడినది. ఆ మార్గమున నడచువారు మాత్రము నేటికిని కొద్దిమందియే. వారు పలువురు కావలెనని నా యభిప్రాయము. అందులకు గల కారణములను, దారిలోని ముండ్లను గూర్చి కొంత మనవిచేసెదను.

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలచే గుర్తించును. ఆ అంకెలు మనుష్యుల జ్ఞాపకమున నిలువవు గనుక, 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడైన పాల్ మాకపెట్రిస్ పేర్ల పద్ధతిని రూపొందించెను. పేరు చెప్పినచో దానికి తగిన అంకెను తీసి యిచ్చు మహాపట్టిక యిది. ఈ పట్టికలోని పేర్లను డొమైను పేర్లందురు. వానిలో చెల్లుబడి యైనవి ఇంగ్లీషు అక్షరములు 26, అంకెలు 10, ఒక అడ్డుగీత. వెరసి 37 గుర్తులు. ఇందు దురుద్దేశ మేమియు లేదు. నాటి యంత్రము లెరిగిన అక్షరము లవియే. కాని తరువాత ప్రపంచమంతయు ఆ ఇరుకు గుమ్మముననే దూరవలసి వచ్చినది.

ఇరుకు ఎట్టిదో చూడుడు. అరబ్బీ అక్షరములు 28. వానిలో 'ఐన్'కును, గొంతులోనుండి పలుకు 'హా'కును ఇంగ్లీషున సమానాక్షరములు లేవు. ఫోనులలో అరబ్బీ అక్షరములు కొరవడిన దినములలో అరబ్బు యువకులు 'ఐన్'కు మారుగా 3 అంకెను, 'హా'కు మారుగా 7 అంకెను వేసి వ్రాయుట నేర్చుకొనిరి. ఆకారములలోని పోలికయే దీనికి మూలము. స్నేహితుల నడుమ ఇది చమత్కారమే. గాని దుకాణము పలకమీద 7 వ్రాసి, దీనిని 'హా' యని చదువుడని కొనవచ్చిన ముసలివానితో చెప్పగలమా? మరియు 'జీమ్' అను అక్షరమును కైరోవారు 'గ' యనియు, ఇతర దేశములలో అనేకులు 'జ' యనియు పలుకుదురు. కావున అరబ్బీలో ఒక్కతీరుగ వ్రాయబడు పేరు ఇంగ్లీషులో ఒకచో గమాల్, మరియొకచో జమాల్ అగుచున్నది. ముహమ్మదు అను పేరును ఇంగ్లీషులో ఎన్ని విధముల వ్రాయుదురో మన యందరకును అనుభవమే. ఆ పేరుగల వర్తకుడు ఏ వర్ణక్రమమున తన చిరునామాను పెట్టుకొన్నను, వెదకువాడు వేరొక వర్ణక్రమమున వెదకుట సంభవము. ఆ రెండవ పేరును మరియొకడు కొనియుండెనేని బేరము వాని పాలగును.

దీనికి చికిత్సగా పట్టికనే మార్చినచో అంతర్జాలమంతయు తడబడును. కావున 2003లో ఒక యుక్తి పన్నిరి. ఏ లిపిలోని పేరునైనను కంప్యూటరు ఆ 37 గుర్తులలోనికి తానే మార్చుకొనును. ఈజిప్టును అరబ్బీలో 'మిస్ర్' అందురు. మీమ్, స్వాద్, రా అని మూడక్షరములు. యంత్రము దీనిని లోలోపల ఎక్స్, ఎన్, రెండు అడ్డుగీతలు, డబ్ల్యు, జి, బి, హెచ్, ఒకటి, సి అని వ్రాసికొనును. చదువరి కన్నులకు మాత్రము మిస్ర్ అనియే కనబడును.

అయినను కొంతకాలము పేరు అరబ్బీ, తోక ఇంగ్లీషుగా నుండెను. అరబ్బీ కుడినుండి ఎడమకు నడచును. తోక ఎడమనుండి కుడికి నడచును. వ్రాయువాడు నడుమ ఆగి కీబోర్డును మార్చుకొనవలెను. 2009 అక్టోబరు 30వ తేదీన సియోలు నగరమున, పేర్ల పట్టికను సమన్వయపరచు ఐకాన్ సంస్థవారు దేశముల తోకలను స్వలిపిలో నుంచుట కంగీకరించిరి. 2010 మే 5వ తేదీన పట్టిక కెక్కిన మొదటి మూడును అరబ్బీ లిపిలోనివే: ఈజిప్టువారి మిస్ర్, సౌదీవారి అస్సఊదియ్య, ఎమిరేట్సువారి ఇమారాత్. రష్యావారిది ఆ వెనుకనే వచ్చెను. తరువాత జోర్డాను, ఖతారు, ట్యునీషియా, పాలస్తీనా, ఇరాను, పాకిస్తాను మొదలగునవియు చేరినవి. దేశములతో సంబంధములేని క్రొత్త తోకలకు 2013 అక్టోబరులో ద్వారము తెరచినప్పుడు ముందుగా వచ్చిన నాల్గింటిలో 'షబక' యొకటి. వల యని దాని యర్థము.

ఇక ముండ్లను గూర్చి. అరబ్బీ లిపి అరబ్బులది మాత్రమే కాదు. పారసీకము, ఉర్దూ, పష్తో, సింధీ మొదలగు భాషలు దానిని స్వీకరించి, తమ కవసరమగు మార్పులు చేసికొన్నవి. 'కితాబ్' అను మాటను తీసికొనుడు. తెలుగున కితాబు అనగా మెప్పు. అరబ్బీలోను, ఉర్దూలోను పుస్తకము. ఈ మాటలోని 'క'కారమునకు యంత్రము లెరిగిన సంఖ్య అరబ్బీకి ఒకటి, పారసీక ఉర్దూలకు వేరొకటి. మాట మొదట నిలిచినప్పుడు రెండింటి రూపమును ఒక్కటే. కైరోలో టైపు చేసిన కితాబ్, టెహరానులో టైపు చేసిన కితాబ్ కంటికి కవలలు. యంత్రమునకు మాత్రము ఇద్దరు అపరిచితులు. 'య'కారముదియు ఇదే కథ. అంకెలకును రెండు వరుసలు గలవు. ఆ రెండు వరుసలను ఒకే పేరులో కలుపరాదని నియమ మేర్పరచిరి. ఈ సందున మోసగాడు ప్రవేశింపగలడని చెప్పనక్కరలేదు. మందు లేకపోలేదు: ఒక పేరు నొకరి కిచ్చినప్పుడు దాని కవలలను ఇతరుల కీయక, ఆ యజమానికే యుంచుట. ఈ నియమమును పాటించు సంస్థవద్దనే పేరు కొనవలెనని నేను గట్టిగ చెప్పెదను.

స్వలిపిలో పేరు పెట్టినచో బయటివారికి తలుపు మూసినట్లగునని కొంద రందురు. పాత పేరు తీసివేయుమన్నవా రెవరు? రెండు పేర్లును ఒకే స్థానమునకు చేర్చవచ్చును. నేటి దినమున చిరునామాలు టైపు చేయువారెవరు, అందరును వెదకు యంత్రము నడుగుదురు గదా యను నాక్షేపణ ఇంతకంటె బలమైనది. నిజమే. కాని చిరునామా యుపయోగము చేరుటతో తీరదు. తాను చేరినది తన బ్యాంకో, దానివలె వేషము వేసిన దొంగయో తెలియుటకు పైనున్న పేరును చదువగలుగవలెను. అరబ్బీ మాత్రమే చదువ నేర్చిన ఇల్లాలికి ఇంగ్లీషు అక్షరముల వరుస ఏ సాక్ష్య మీయగలదు?

వ్యాప్తి కొరవడుటకు అసలు కారణము వేరని నాకు తోచుచున్నది. ఇతర లిపులలోని ఈమెయిలు చిరునామాలకు వలసిన నియమములు 2012లోనే వెలువడినవి. అయినను అట్టి చిరునామాను దరఖాస్తులో వ్రాసినచో 'చెల్లదు' అని త్రోసిపుచ్చు యంత్రములు నేటికిని పెక్కులు. తోక యనగా రెండు మూడు ఇంగ్లీషు అక్షరములే యని ఏనాడో వ్రాసిన ప్రోగ్రాములను ఎవరును తిరిగి చూడలేదు. చెల్లని పేరును జనులు కొనరు. జనులు కొనని పేరుకొరకు ప్రోగ్రాము దిద్దువాడు శ్రమపడడు. ఈ ముడిని విప్పవలసినది వర్తకుడు కాదు, ప్రభుత్వము. పన్నులు కట్టు చోటు, పరీక్షా ఫలితములు చూచు చోటు అరబ్బీ పేరుతో తెరచి, ఆ పేరునే పలకలమీదను పత్రములమీదను వ్రాయించినచో, దరఖాస్తులు వాటంతటవే దిద్దబడును.

ఇందు మనకును పాలు గలదు. చిరునామా యను మన మాటయే పారసీకమునుండి వచ్చినది. ఉర్దూ 2017లో తెలంగాణమునకు రెండవ అధికారభాష యైనది. 'భారత్' అను తోక ఉర్దూ లిపిలోను గలదు, తెలుగు లిపిలోను గలదు. తెలుగు కన్నడ లిపులలో పోలికగల అక్షరము లెన్నియో గనుక కవలల బెడద మనకును కొత్త కాదు. హైదరాబాదులో ఉర్దూ పుస్తకములమ్ము వర్తకుడు కితాబ్ అను మాటతో పేరు కొన్నాడనుకొందము. దుబాయిలో నున్న అతని ఖాతాదారుడు అరబ్బీ కీబోర్డు మీద టైపు చేయును. రెండు 'క'కారములతోను పేరు తనకే దక్కినదని ఆ వర్తకుడు ముందుగా విచారించుకొనవలెను. దుకాణము పలకమీద ఉర్దూ చిరునామాను పైనను, ఇంగ్లీషుదానిని క్రిందను వ్రాయించవలెను. ఈమెయిలు మాత్రము, ఉత్తరములు పోయి తిరిగి వచ్చుచున్నవని పరీక్షించి తెలిసికొను వరకు, పాత చిరునామాను విడువరాదు.