నలుగురి మాటల్లో ఒకే బిడ్డ

 

నేను ఇక్కడ టెక్సస్‌లో ఒక పబ్లిక్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏటా ఆగస్టు రాగానే పన్నెండో తరగతి పిల్లలు రికమెండేషన్ లెటర్ల కోసం నా గదికి వస్తారు. వాళ్ల వెనకే అమ్మానాన్నల ఫోన్లు. అందరూ అడిగేది ఒకటే: ఏమేం ఉంటే మంచి కాలేజీలో సీటు వస్తుందండీ?

ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. నేనూ ఎంసెట్ రాసినవాణ్నే. అక్కడ మన గురించి హాల్ టికెట్ నంబరు తప్ప ఎవరికీ ఏమీ అక్కర్లేదు. ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌కి వెళ్లాం, దొరికిన సీటు తీసుకున్నాం. అందులో ఒక న్యాయం ఉంది. మా నాన్న ఏం చేస్తాడని ఆ పరీక్ష నన్ను అడగలేదు. అందుకే ర్యాంకు మీద మన తరానికి అంత నమ్మకం. ఇక్కడ మాత్రం చాలా పెద్ద కాలేజీల్లో పిల్లల అప్లికేషన్ ఒక మనిషి కూర్చుని చదువుతారు. ఆ మనిషి మీ అమ్మాయిని ఎప్పుడూ చూడలేదు, చూడబోరు కూడా.

ఇంకో సంగతి. ఈ అప్లికేషన్ ఒక్కరు రాసేది కాదు. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ స్కూలు పంపుతుంది. స్కూల్ రిపోర్టు కౌన్సెలర్ రాస్తారు. ఉత్తరాలు మాలాంటి టీచర్లం రాస్తాం. వ్యాసాలు, యాక్టివిటీల జాబితా పిల్లలు రాస్తారు. మామూలుగా ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. చదివేవాళ్లు మాత్రం అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ఇన్ని వైపుల నుంచీ ఒకే మనిషి కనబడితే అదే బలమైన అప్లికేషన్. నేను ఈరోజు చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతా మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

టెక్సస్‌లో ఉన్నాం కాబట్టి ముందు టెక్సస్ సంగతి చెప్పుకోవాలి. ఇక్కడ ర్యాంకుకి చట్టం అండ ఉంది. 1997లో చేసిన చట్టం ప్రకారం, హైస్కూల్ తరగతిలో మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో ప్రవేశం ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ (యూటీ)కి మాత్రం 2009లో ఒక సడలింపు ఇచ్చారు. రాష్ట్ర విద్యార్థుల సీట్లలో 75 శాతం దాకా ఈ దారిలో నింపితే చాలు. అందుకే అక్కడ గీత ఆరు శాతం దగ్గర చాలాకాలం ఉండి, 2026లో చేరే పిల్లల నుంచి ఐదు శాతానికి వచ్చింది. ఇది చూసి మనవాళ్లు తొమ్మిదో తరగతి నుంచే దశాంశాల లెక్కలు మొదలుపెడుతున్నారు. ఆర్కెస్ట్రా క్లాసుకి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసుకున్నంత వెయిటేజీ లేదని, ఆరేళ్లుగా వయొలిన్ వాయిస్తున్న పిల్లని మాన్పించిన ఇల్లు నాకు తెలుసు. ఆ చట్టం హామీ ఇచ్చేది యూనివర్సిటీలో చోటుకే. కోరుకున్న మేజర్‌కి కాదు. కంప్యూటర్ సైన్స్‌కో బిజినెస్‌కో ఎవరిని తీసుకోవాలన్నది మళ్లీ ఫైలంతా చదివే తేలుస్తారు. ర్యాంకు తలుపు దాకా తీసుకెళుతుంది. ఆ గదిలో ఏ కుర్చీ అన్నది వేరే మాట.

మార్కులకు విలువ లేదని నేను అనడం లేదు. మొదట చూసేది ట్రాన్‌స్క్రిప్టే. దాన్ని చూసే పద్ధతి మనం అనుకునేది కాదు. ప్రతి స్కూలూ తన ప్రొఫైల్ ఒకటి పంపుతుంది. ఏపీ కోర్సులు ఎన్ని ఉన్నాయి, గ్రేడింగ్ ఎలా ఉంటుంది, ర్యాంకు ఇస్తారా లేదా అన్నీ అందులో ఉంటాయి. ఇరవై ఏపీలున్న స్కూల్లో ఆరు తీసుకున్న పిల్లాడూ, ఆరే ఉన్న పల్లెటూరి స్కూల్లో ఆరూ తీసుకున్న పిల్లాడూ వాళ్లకి ఒకటి కాదు. తనకి అందుబాటులో ఉన్నదాంతో ఈ బిడ్డ ఏం చేసిందన్నదే వాళ్లు చూసేది. అందుచేత పక్కింటివాళ్ల అబ్బాయి ఎన్ని ఏపీలు తీసుకున్నాడో కనుక్కోవడంలో మీకు లాభం లేదు. మీ అమ్మాయి నిద్రపోగలిగినన్ని, నిజంగా నేర్చుకోగలిగినన్ని తీసుకోనివ్వండి. కష్టమైన కోర్సు ఉండి కూడా భయపడి తప్పించుకుంటే అదీ కనబడుతుంది.

ఇక నా పనికి వస్తాను. ఉత్తరాలు. వీటి గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పిల్లలు చాలా కాలేజీలు తీసుకునే ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో ఒక పెట్టెలో టిక్కు పెడతారు: ఈ ఉత్తరాన్ని చూసే హక్కు నేను వదులుకుంటున్నాను అని. దాదాపు అందరూ వదులుకుంటారు. వదులుకోకపోతే చదివేవాళ్లు ఆ ఉత్తరాన్ని పూర్తిగా నమ్మరు. అంటే నేను రాసేది మీ అబ్బాయీ చూడడు, మీరూ చూడరు. ఖాళీ కాగితం ముందు కూర్చున్నప్పుడు నా దగ్గర ఉండేది నేను చూసింది మాత్రమే. వందకి వంద వచ్చిన సంగతి ట్రాన్‌స్క్రిప్టే చెబుతుంది, దానికి నేనెందుకు? నేను రాయగలిగేది వేరే ఉంటుంది. డెరివేటివ్‌ల పరీక్షలో ఒక లెక్క తప్పు చేసి, మార్కు కోసం కాకుండా ఎక్కడ పోయిందో తెలుసుకోవడానికి మర్నాడు పొద్దున్నే వచ్చిన పిల్ల గురించి రాయగలను. బోర్డు మీద నేను చేసిన పద్ధతి కన్నా పొట్టి దారి ఉందని, కొంచెం జంకుతూనే లేచి చెప్పిన పిల్లాడి గురించి రాయగలను. కొత్తగా వచ్చి ఇంగ్లీషు సరిగా రాని తోటివాడి పక్కన రోజూ కూర్చుని లెక్క విప్పి చెప్పిన అమ్మాయి గురించైతే పేజీ నిండా రాయగలను. క్లాసులో నోరు విప్పకుండా, ఎప్పుడూ ఏ ప్రశ్నా వేయకుండా తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లవాడు మంచివాడే. అతని గురించి నాలుగు వాక్యాలు దాటితే నేను అబద్ధం రాయాల్సి వస్తుంది.

మన ఇళ్లలో పిల్లలకి టీచరుతో ఎక్కువ మాట్లాడకు, ఎదురు చెప్పకు అని నేర్పుతాం. పెద్దల ముందు అణకువగా ఉండాలని మన ఉద్దేశం. నేనూ అలాగే పెరిగాను. ఇక్కడి టీచరుకి మాత్రం ప్రశ్న అడగడం అమర్యాద కాదు. పదకొండో తరగతి మొదలైన వారమే మీ పిల్లలకి ఈ మాట చెప్పండి. ఉత్తరం కోసం కాదు, చదువు కోసం. చదువు నిజమైతే ఉత్తరం దానంతటదే వస్తుంది. అన్ని చోట్లా ఈ ఉత్తరాలు అడుగుతారనీ అనుకోకండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మామూలుగా ఉత్తరాలు కోరవు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు ఎంచుకుని ఒక్కోదానికి 350 పదాల్లోపు జవాబు రాయమంటాయి.

యాక్టివిటీల దగ్గరే మనవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నారు. కామన్ యాప్‌లో ఇచ్చేవి పది గడులు. ఒక్కో పని గురించి రాసుకోవడానికి 150 అక్షరాలు, మధ్యలో ఖాళీలతో కలిపి. పది గడులూ నిండాలని ఎవరూ అనలేదు. ఆ పది నింపడానికి పదకొండో తరగతి వేసవిలో నాన్‌ప్రాఫిట్లు పుట్టుకొస్తున్నాయి. డబ్బు కడితే పిల్లల పేరుతో పరిశోధనా పత్రం అచ్చు వేయిస్తామనే సంస్థలూ వచ్చాయి. చదివేవాళ్లు ఏటా వందల ఫైళ్లు చూస్తారు. వేసవిలో పుట్టి డిసెంబరులో ఆగిపోయిన సంస్థ ఏమిటో వాళ్లకి తెలుసు.

ఆ జాబితాలో కుటుంబ బాధ్యతలు అనే వర్గం ఒకటి ఉంది. జీతానికి చేసే ఉద్యోగం అనేది ఇంకొకటి. మన పిల్లల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. హార్వర్డ్ ఎడ్యుకేషన్ స్కూల్లోని బృందం ఒకటి 2016లో ఒక నివేదిక తెచ్చింది. ఇంటికి చేసే సాయాన్ని కూడా కాలేజీలు సేవగా గుర్తించాలని, ఎన్ని చేశారన్నది కాక ఎంత లోతుగా చేశారన్నది చూడాలని అందులో గట్టిగా చెప్పారు. నానమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లి, నర్సు చెప్పింది తెలుగులో చెప్పి, ఆమె అన్నది ఇంగ్లీషులో చెప్పి తీసుకొచ్చే పిల్లవాడు మన మధ్య ఉన్నాడు. నాన్న గ్యాస్ స్టేషన్‌లో శనివారాలు క్యాష్ కౌంటర్ చూసే అమ్మాయి ఉంది. వీళ్లు నా దగ్గరికి వచ్చి, నాకేం యాక్టివిటీలు లేవు సార్ అంటారు. నాకు చాలా బాధ కలుగుతుంది. ఇంట్లో ఎవరూ దాన్ని పనిగా లెక్కవేయలేదు కాబట్టి వాళ్లూ వేయలేదు.

కూచిపూడి, వీణ, ఆదివారం తెలుగు బడి గురించీ అడుగుతారు. భారతీయులమని తెలిస్తే నష్టమేమో, ఇవి తీసేద్దామా అని. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో తీర్పు ఇచ్చింది. ప్రవేశాల్లో జాతిని జాతిగా లెక్కలోకి తీసుకోకూడదంది. తన జాతి, తన మూలాలు తన జీవితాన్ని ఎలా మలిచాయో విద్యార్థి రాసుకోవచ్చనీ అంది. ఆ కేసు విచారణలో బయటికి వచ్చిన, పిల్లల వ్యక్తిత్వానికి హార్వర్డ్ వేసే పర్సనల్ రేటింగుల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆసియా సంతతి పిల్లలకి ఆ రేటింగులు తక్కువ పడ్డాయని వాదించినవాళ్లు లెక్కలు చూపించారు. మన భయానికి కారణం లేకపోలేదు. కానీ ఆ భయంతో పదేళ్లు నాట్యం నేర్చుకున్న అమ్మాయి కాగితం మీద నాట్యమే తెలియని అమ్మాయి అయిపోతే ఏం మిగులుతుంది? కౌన్సెలర్ తన నివేదికలో రంగప్రవేశం గురించి రాస్తారు, అమ్మాయి జాబితాలో అది ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లు ఏమనుకోవాలి?

ఇక్కడ హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులకి ప్రత్యేకంగా రెండు మాటలు. మీ పిల్లలు ఈ దేశంలోనే ఒకటో తరగతి నుంచి చదివి ఉండొచ్చు. అయినా చాలా ప్రైవేటు కాలేజీలు, ముఖ్యంగా ఆర్థిక సాయం దగ్గర, వాళ్లని విదేశీ విద్యార్థులతో కలిపి చూస్తాయి. ఫెడరల్ ప్రభుత్వం ఫాఫ్సా ద్వారా ఇచ్చే సాయం వాళ్లకి అందదు. జీతం ఉన్న ఇంటర్న్‌షిప్ చేసే అనుమతీ లేదు. కాబట్టి ఉద్యోగాల గడి ఖాళీగా ఉంటే అది మీ అబ్బాయి బద్ధకం కాదని చదివేవాళ్లకి తెలియాలి. అప్లికేషన్‌లో అదనపు సమాచారం రాసే చోటుంది. రెండు వాక్యాలు, ఫిర్యాదు లేకుండా, రాయమనండి. కౌన్సెలర్‌కీ చెప్పండి. ఇరవై ఒక్కేళ్లు నిండేసరికి వీసా మారాల్సిన సంగతిని కాలేజీ ఎంచుకునేటప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. పిల్లలకి చెప్పకుండా దాచకండి.

వ్యాసం. 650 పదాల్లోపు. దీని దగ్గర మీతో కొంచెం కఠినంగా మాట్లాడాలి. పదిహేడేళ్ల పిల్ల రాసినది మీరు దిద్దితే, ఆ తర్వాత డబ్బు తీసుకున్న కన్సల్టెంటు దిద్దితే, చివరికి మిగిలేది నలభై అయిదేళ్ల మేనేజరు గొంతు. మా ఉత్తరంలో ఉన్న పిల్ల ఆ వ్యాసంలో ఉండదు. అచ్చుతప్పులు చూడండి. అర్థం కాని చోట, ఇక్కడ నాకు అర్థం కాలేదమ్మా అని చెప్పండి. అక్కడ ఆగిపోండి. ఇండియా వెళ్లి పేదరికం చూసి మారిపోయానని రాసే వ్యాసాలు ప్రతి ఏడూ వస్తాయి. రెండు వారాలు తాతగారి ఊళ్లో ఉండి వచ్చిన పిల్ల అక్కడి మనుషుల్ని తన మార్పుకి సాధనంగా వాడుకోవడం నాకు నచ్చదు. అదే పిల్ల తాతగారితో చెస్ ఆడుతూ ఎందుకు ఎప్పుడూ ఓడిపోతోందో, గుర్రాన్ని ఎక్కడ ఇరికించుకుంటోందో రాస్తే ఆ బుర్ర ఎలా పనిచేస్తుందో నాకు తెలుస్తుంది. విషయం చిన్నదైనా ఫర్వాలేదు, ఆలోచన తనదై ఉండాలి. ఫలానా కాలేజీయే ఎందుకు అన్న ప్రశ్నకి ఆ కాలేజీ వెబ్‌సైట్‌లోని మాటలే తిప్పి రాస్తే ఏమీ రాయనట్టే. అక్కడి ఏ కోర్సు, ఏ ల్యాబ్, తనకి ఎందుకు అన్నది చెప్పాలి.

శాట్ గురించి క్లుప్తంగా. కోవిడ్ కాలంలో చాలా కాలేజీలు స్కోరు ఐచ్ఛికం చేశాయి. ఎంఐటీ 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, హార్వర్డ్, ఆస్టిన్ యూటీ కూడా అదే దారి పట్టాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ మాత్రం ప్రవేశాలకి అసలు చూడదు. ఏ కాలేజీకి ఏం కావాలో ఆ కాలేజీనే అడగాలి, వాట్సాప్ గ్రూపుని కాదు.

అడగడానికి ఒక మంచి చోటుంది. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం ప్రకటిస్తాయి. అందులో సి7 అనే పట్టిక చూడండి. కోర్సుల కష్టం, గ్రేడ్లు, వ్యాసం, ఉత్తరాలు, వ్యక్తిత్వం, కాలేజీ మీద చూపిన ఆసక్తి, ఇలా ఒక్కోదానికి తామెంత విలువ ఇస్తామో, చాలా ముఖ్యం నుంచి చూడం దాకా వాళ్లే టిక్కు పెట్టి చెబుతారు. ఉచితం. అలాగే దాదాపు ప్రతి కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది. ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద పిల్లలు, మీరు, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టేముందు ఆ లెక్క వేసుకోండి. సీటొస్తే మామూలుగా చేరి తీరాలి. డిసెంబరులో ప్రవేశ ఉత్తరం వచ్చాక ఫీజు చూసి గుండె పట్టుకున్న ఇళ్లు ఉన్నాయి.

చాలా కాలేజీల్లో నవంబరు 1కి మొదటి గడువు. ఈ వారంలో చేయగలిగిన పని ఒకటుంది. మీ అమ్మాయినో అబ్బాయినో, ఉత్తరం అడగబోయే టీచరుకి ఒక కాగితం రాసివ్వమనండి. బిరుదుల జాబితా కాదు. మీ క్లాసులో నాకు బాగా నచ్చినది ఇది, నేను తడబడింది ఇక్కడ, తర్వాత చదవాలనుకుంటున్నది ఇది అని ఒక పేజీ. చేతిరాతైనా సరే. అది చదివి నేను రాసే ఉత్తరానికీ, చదవకుండా రాసే ఉత్తరానికీ చాలా తేడా ఉంటుంది.

నా మాట ఇక్కడితో ఆపుతాను. ప్రశ్నలకి అరగంట ఇచ్చారు. వెనక వరసల్లో కొందరు పిల్లలు కూర్చుని ఉన్నారు. మొదటి పదిహేను నిమిషాలు వాళ్లకే ఇద్దాం, పెద్దలు ఆ తర్వాత అడగండి. నీలం చొక్కా బాబూ, మైకు నీకు అందుతోందా?